బెయిలొచ్చింది... మనిషి రాలేదు

సినిమాల్లో ఈ సీన్ మనం వంద సార్లు చూసుంటాం. కోర్టులో జడ్జిగారు బెయిల్ ఇచ్చేస్తారు. నెక్స్ట్ షాట్‌లో జైలు పెద్ద తలుపులో ఉన్న చిన్న తలుపు తెరుచుకుంటుంది. హీరో తల వంచి బయటికొస్తాడు. ఎదురుగా ఫ్రెండ్స్, జీపులు, దండలు, వెనకాల బీజీఎం. రెండు షాట్ల మధ్య ఉండేది ఒక్క కట్.

ఈ వారం మాట్లాడుకుందామనుకున్నది ఆ కట్ గురించే. నిజ జీవితంలో అది ఒక్కోసారి రెండు రోజులు ఉంటుంది, ఒక్కోసారి నెల. గుజరాత్‌లో ఒకతనికి దాదాపు మూడేళ్ళు పట్టింది. ఆ కథ కాసేపట్లో చెప్తా.

ముందు ఆ కట్ లోపల ఏం జరుగుతుందో చూద్దాం. జడ్జి ఆర్డర్ చెప్తారు, స్టెనో టైప్ చేస్తారు, సంతకం అవుతుంది. హైకోర్టో సుప్రీంకోర్టో ఇచ్చిన బెయిల్ అయితే ఆ కాపీ మళ్ళీ కింది కోర్టుకి చేరాలి. అక్కడ ష్యూరిటీలు నిలబడాలి. అంటే, "ఇతను పిలిచినప్పుడల్లా కోర్టుకొస్తాడు, రాకపోతే ఈ డబ్బు నేను కడతా" అని పూచీ పడే మనుషులు కావాలన్నమాట. వాళ్ళు ఇంటి పన్ను రసీదో, పొలం పాస్‌బుక్కో, జీతం స్లిప్పో పట్టుకుని రావాలి. ఆ కాగితాలు వెరిఫై చేయాలి. అప్పుడు కింది కోర్టు నుంచి జైలుకి రిలీజ్ ఆర్డర్ వెళ్తుంది. జైల్లో మళ్ళీ పేరు, తండ్రి పేరు, క్రైమ్ నంబర్, సెక్షన్లు అన్నీ సరిచూస్తారు. వేరే కేసులో వారెంట్ ఏమన్నా ఉందేమో చూస్తారు. ఇవన్నీ సాయంత్రం లాకప్ టైమ్ లోపల పూర్తయితే ఆ రోజే బయటికి. లేదంటే ఇంకో రాత్రి లోపలే. మధ్యలో వరసగా సెలవులొస్తే ఇక చెప్పక్కర్లేదు.

డబ్బు, పేరు, లాయర్లు ఉన్నవాళ్ళకి కూడా ఈ గడియారం తప్పదు. షారుఖ్ ఖాన్ కొడుకు ఆర్యన్ ఖాన్ విషయమే తీసుకోండి. 2021 అక్టోబర్ 28న బాంబే హైకోర్టు బెయిల్ ఇచ్చింది. ముంబై ఆర్థర్ రోడ్ జైలు బయట బెయిల్ ఆర్డర్లు వేయడానికి ఒక పెట్టె ఉంటుంది, అచ్చం పోస్టు డబ్బాలాగే. మర్నాడు సాయంత్రం ఐదున్నరకి ఆ పెట్టె ఆఖరిసారి తెరిచేలోపు కాగితం అందులో పడలేదు. దాంతో 30వ తేదీ పొద్దున గానీ బయటికి రాలేదు. తర్వాత 2022 మేలో అతని మీద ఛార్జిషీటే వేయలేదు, అది వేరే సంగతి. దేశంలోని టీవీ కెమెరాలన్నీ గేటు ముందున్న కేసులోనే ఇలా జరిగితే, కెమెరా లేనివాళ్ళ సంగతేంటి?

అదే ఏడాది జూలైలో ఆగ్రా సెంట్రల్ జైల్లో జరిగింది ఇంకా ఘోరం. అక్కడ 13 మంది ఖైదీలు, నేరం జరిగినప్పుడు మైనర్లని తేలినవాళ్ళు, 14 నుంచి 22 ఏళ్ళుగా జైల్లో ఉన్నారు. జూలై 8న సుప్రీంకోర్టు వాళ్ళకి మధ్యంతర బెయిల్ ఇచ్చింది. రోజులు గడిచినా విడుదల లేదు. కారణం, ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ పోస్టులో రాలేదట. ఆర్డర్ వెబ్‌సైట్లో ఉంది. ఫోన్ ఉన్న ఎవరైనా చదవొచ్చు. జైలు మాత్రం పోస్ట్‌మ్యాన్ కోసం చూస్తోంది.

అప్పుడు చీఫ్ జస్టిస్ మన కృష్ణా జిల్లా పొన్నవరం నుంచి వెళ్ళిన ఎన్.వి. రమణగారు. ఈ డిజిటల్ కాలంలో కూడా ఆర్డర్ల కోసం పావురాలు వస్తాయేమోనని ఆకాశంకేసి చూస్తున్నామన్న అర్థంలో ఆయన అన్న మాట అప్పట్లో బాగా వైరలైంది. కోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. దాన్నుంచి పుట్టిందే ఫాస్టర్ అనే సిస్టమ్, 2022 మార్చి 31న మొదలైంది. సుప్రీంకోర్టు ఆర్డర్లు డిజిటల్ సంతకంతో, భద్రమైన దారిలో నేరుగా సంబంధిత కోర్టులకి, జైళ్ళకి వెళ్తాయి. మంచి పనే. కానీ మన దేశంలో అరెస్టయ్యేవాళ్ళలో సుప్రీంకోర్టు దాకా వెళ్ళేవాళ్ళు ఎంతమంది? ఎక్కువ బెయిళ్ళు వచ్చేది ఊళ్ళో మేజిస్ట్రేట్ కోర్టులో, జిల్లా సెషన్స్ కోర్టులో.

పైగా ఈమెయిల్ పంపిస్తే పని అయిపోయినట్టేనా? ఇప్పుడు గుజరాత్ కథకి వద్దాం.

ఒక యువకుడు యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్నాడు. 2020 సెప్టెంబర్ 29న గుజరాత్ హైకోర్టు అతని శిక్షని నిలిపేసి బెయిల్ ఇచ్చింది. కరోనా రోజులు కాబట్టి హైకోర్టు రిజిస్ట్రీ ఆర్డర్‌ని జైలుకి ఈమెయిల్ చేసింది. మెయిల్ వెళ్ళింది. జైలుకి చేరింది కూడా. జైలువాళ్ళు తర్వాత చెప్పిందేంటంటే, అటాచ్‌మెంట్ ఓపెన్ కాలేదట. అంతే. మళ్ళీ పంపమని ఎవరూ అడగలేదు. అదే మెయిల్ సెషన్స్ కోర్టుకి కూడా వెళ్ళింది, అక్కడా ఆర్డర్ అమలైందా లేదా అని ఎవరూ చూడలేదు. బెయిలొచ్చిన మనిషి 2023 దాకా లోపలే ఉన్నాడు. మళ్ళీ కోర్టుకెక్కితే గానీ విషయం బయటపడలేదు. హైకోర్టు అతనికి లక్ష రూపాయలు పరిహారం ఇవ్వమంది.

ఈ వార్త మొదటిసారి చదివినప్పుడు మా ఆఫీసులో అందరం నవ్వాం, తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు. ఎందుకంటే మా పనిలో ఇది రోజూ ఆలోచించే విషయం. వాట్సాప్‌లో ఒక టిక్ అంటే పంపారు, రెండు టిక్కులు అంటే చేరింది, నీలం రంగు వస్తే చూశారు. ఈ మూడూ వేరు వేరని పదో క్లాసు పిల్లాడికి కూడా తెలుసు. క్రష్‌కి మెసేజ్ పెట్టినవాడికి ఇంకా బాగా తెలుసు. ఇక్కడ ఒక మనిషి స్వేచ్ఛ రెండు టిక్కుల దగ్గర మూడేళ్ళు ఆగిపోయింది. నీలం టిక్కు వచ్చిందా అని చూసే బాధ్యత ఎవరిదీ కాదు.

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఆన్-కాల్ అని ఒకటుంటుంది. సిస్టమ్‌లో ఏదైనా ఆగిపోతే అర్ధరాత్రి రెండింటికైనా సరే, ఆ వారం డ్యూటీలో ఉన్నవాడి ఫోన్ మోగుతుంది. వాడు ఎత్తకపోతే వాడి పైవాడికి, అతనూ ఎత్తకపోతే ఆ పైవాడికి. ఒకరి పేమెంట్ ఇరుక్కుపోయినా ఎవరో ఒకరు నిద్ర లేవాల్సిందే. మనిషి ఇరుక్కుపోతే మోగే ఫోన్ ఎక్కడుంది?

ఉత్తరప్రదేశ్‌లోని ఘజియాబాద్‌లో 2025లో జరిగింది ఇంకో రకం. సుప్రీంకోర్టు ఏప్రిల్ 29న బెయిల్ ఇచ్చింది. మే 27న కింది కోర్టు రిలీజ్ ఆర్డర్ ఇచ్చింది. జైలు మాత్రం వదల్లేదు. ఎందుకంటే ఆర్డర్‌లో సెక్షన్ 5 అని ఉంది గానీ, దాని కింద ఉపసెక్షన్ నంబర్ లేదట! ఫారం నింపేటప్పుడు పిన్‌కోడ్ మర్చిపోతే ఎర్ర గీత వస్తుంది చూడండి, అలా. ఆ చిన్న ఖాళీ వల్ల మనిషి ఇంకో 28 రోజులు లోపలున్నాడు, జూన్ 24న వచ్చాడు. మర్నాడే సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రభుత్వాన్ని గట్టిగా మందలించి, 5 లక్షల మధ్యంతర పరిహారం ఇవ్వమంది, జిల్లా జడ్జితో విచారణ కూడా జరిపించమంది. మనిషెవరో, కేసేంటో, ఏ ఆర్డరో అందరికీ తెలిసినప్పుడు ఒక అంకె లేదని లోపల పెట్టడం జాగ్రత్త అనిపించుకోదు.

ఇక్కడ నాకొక లెక్క తట్టింది. మీరూ చూడండి.

యూపీఐలో డబ్బు పంపారు, మీ అకౌంట్లో కట్ అయింది, అవతలివాళ్ళకి చేరలేదు అనుకోండి. దీనికి రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబర్‌లోనే రూల్ పెట్టింది. మర్నాటికల్లా డబ్బు వెనక్కి రావాలి. రాకపోతే ఆ తర్వాత ప్రతి రోజుకీ బ్యాంకు మీకు 100 రూపాయలు కట్టాలి. మీరు కంప్లయింట్ ఇవ్వకపోయినా, వాళ్ళంతట వాళ్ళే కట్టాలి. మీరు పంపింది పది రూపాయల టీ డబ్బులైనా సరే.

ఇప్పుడు గుజరాత్ కేసు. దాదాపు మూడేళ్ళకి లక్ష అంటే రోజుకి వంద అటూ ఇటూ. అంటే ఇరుక్కుపోయిన టీ డబ్బులకి ఎంతో, ఇరుక్కుపోయిన మనిషికీ అంతే. కాకపోతే టీ డబ్బులకి కోర్టుకెళ్ళక్కర్లేదు. ఘజియాబాద్‌లో రోజుకి పదిహేడు వేల పైనే పడింది. తప్పు రెండుచోట్లా ఒకే రకం: వచ్చిన ఆర్డర్‌ని అమలు చేయకపోవడం. ధర మాత్రం ఏ కోర్టు, ఏ బెంచ్, ఎవరి కంట పడింది అన్నదాన్ని బట్టి మారిపోయింది.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే రుదుల్ షా కేసు ఉంది. లా చదివేవాళ్ళందరికీ తెలిసిన పేరు. బిహార్‌లోని ముజఫర్‌పూర్ సెషన్స్ కోర్టు 1968 జూన్‌లో అతన్ని నిర్దోషి అని తేల్చింది. బెయిల్ కూడా కాదు, నిర్దోషి! జైలు వదిలింది 1982 అక్టోబర్‌లో. పద్నాలుగేళ్ళ పైన. 1983లో సుప్రీంకోర్టు మొత్తం 35 వేలు ఇప్పించింది. రోజుకి ఏడు రూపాయలు కూడా పడలేదు. అయినా ఆ తీర్పు చాలా గొప్పదే. రాజ్యాంగం ఇచ్చిన స్వేచ్ఛని ప్రభుత్వం లాగేసుకుంటే పరిహారం కూడా కట్టాలని దారి వేసింది అదే. అంతకు నాలుగేళ్ళ ముందే, 1979లో, పౌర హక్కుల అంతర్జాతీయ ఒప్పందంలో చేరినప్పుడు, అక్రమ నిర్బంధానికి పరిహారం హక్కుగా అడిగే వీలు మా చట్టాల్లో లేదని భారత ప్రభుత్వం రాసి మరీ సంతకం పెట్టింది. 2018లో లా కమిషన్ తన 277వ నివేదికలో, తప్పుడు కేసుల్లో నలిగినవాళ్ళకి పరిహారం కోసం ఒక చట్టబద్ధమైన ఏర్పాటు ఉండాలని సిఫారసు చేసింది. యూపీఐకి ఉన్నట్టు "ఆలస్యమైతే రోజుకి ఇంత, అడక్కపోయినా ఇవ్వాల్సిందే" అన్న రూల్ మనిషికి ఇప్పటికీ రాలేదు. నన్నడిగితే మొదట రావాల్సింది అదే. డబ్బు గురించి కాదు. రోజుకి ఇంత అని జేబుకి చిల్లు పడితే, అటాచ్‌మెంట్ ఎందుకు ఓపెన్ కాలేదో ఆఫీసులో ఎవరో ఒకరు అడుగుతారు.

"నేరస్థుల కోసం ఇంత బాధ అవసరమా?" అని కింద కామెంట్ వస్తుందని తెలుసు, కాబట్టి ఇక్కడే చెప్పేస్తా. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నేరం చేశారో లేదో ఇంకా తేలనివాళ్ళు, నూటికి డెబ్భై ఆరుగురు. జైళ్ళలో చోటున్నది 4,36,266 మందికే. ఆరుగురు పట్టే ఆటోలో ఎనిమిది మంది కూర్చున్నట్టు, కాకపోతే ఈ ఆటో దిగడానికి లేదు. పడుకునే చోటు, టాయిలెట్, డాక్టర్, అన్నీ ఆ లెక్కలోనే. సరే, నేరం రుజువైనవాడే అనుకుందాం. జైలుకెళ్ళినంత మాత్రాన ప్రాథమిక హక్కులన్నీ గేటు దగ్గర వదిలేసి వెళ్ళినట్టు కాదని సుప్రీంకోర్టు చెప్పింది మన విశాఖపట్నం సెంట్రల్ జైలు ఖైదీలు వేసిన కేసులోనే, 1974లో. లోపల ఎన్నాళ్ళుండాలో చెప్పేది కోర్టు. వదిలేయమన్నాక ఉంచుకునే ప్రతి రాత్రీ చట్టం లేని రాత్రే.

ఇప్పటిదాకా కాగితం చేరని కథలు. కాగితం చేరినా మనిషి రాని కథలు ఇంతకంటే ఎక్కువ. కారణం ఒకటే, ష్యూరిటీ.

2022 నవంబర్‌లో రాజ్యాంగ దినోత్సవం రోజున రాష్ట్రపతి ద్రౌపది ముర్ముగారు, జైళ్ళలో మగ్గుతున్న పేద గిరిజనుల గురించి జడ్జీల ముందే మాట్లాడారు. కొద్దిరోజులకే సుప్రీంకోర్టు, బెయిలొచ్చినా లోపలే ఉన్నవాళ్ళ లెక్క తీయమంది. దాదాపు 5 వేల మంది తేలారు. లెక్క తీయడం మొదలెట్టాకే 1,417 మంది బయటికొచ్చారు. నాకు ఇందులో అన్నిటికంటే ఇబ్బందిగా అనిపించింది ఈ రెండో అంకె. అడిగితే చాలు వదలగలిగినవాళ్ళు అంతమంది ఉన్నారన్నమాట.

హైదరాబాద్‌లో ష్యూరిటీ దొరకాలంటే సొంతిల్లో, ఉద్యోగమో ఉన్న తెలిసినవాళ్ళు కావాలి. బిహార్ నుంచో ఒడిశా నుంచో సెంట్రింగ్ పనికొచ్చినవాడికి ఇక్కడ తెలిసిందల్లా మేస్త్రీ, కిరాణా కొట్టు. మనవాళ్ళు బెంగళూరులోనో ముంబైలోనో ఇరుక్కున్నా ఇంతే. 1978లో మోతీరామ్ అనే తాపీ మేస్త్రీ కేసులో, సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని మధ్యప్రదేశ్ మేజిస్ట్రేట్ ష్యూరిటీ ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్‌గారికి ఒళ్ళు మండింది. ఒక మలయాళీనో, తెలుగువాడినో బస్తర్‌లోనో, పోర్ట్ బ్లెయిర్‌లోనో, చాందినీ చౌక్‌లోనో అరెస్టు చేస్తే అక్కడ ఆస్తులున్న ష్యూరిటీని ఎక్కణ్ణుంచి తెస్తాడని తీర్పులోనే అడిగారు. మోతీరామ్‌ని వెయ్యి రూపాయల సొంత పూచీ మీద వదిలేయమన్నారు. నేను పుట్టకముందు తీర్పు. లోకల్ ష్యూరిటీ కావాలన్న మాట మాత్రం కోర్టుల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది.

మధ్యలో ఒక మాట. సంగారెడ్డిలో పాత జైలుని మ్యూజియం చేసి, 500 రూపాయలు కడితే ఒక రోజు ఖైదీలా ఉండనిచ్చేవాళ్ళు. గుర్తుందా, రీల్స్ రాకముందే ఫేమస్. ఒకపక్క లోపలికెళ్ళడానికి డబ్బు కట్టేవాళ్ళు, ఇంకోపక్క కట్టే డబ్బు లేక బయటికి రాలేనివాళ్ళు.

ఆ 5 వేల మంది లెక్క తర్వాత, 2023 జనవరి 31న సుప్రీంకోర్టు దేశంలోని కోర్టులకీ జైళ్ళకీ కొన్ని ఆదేశాలిచ్చింది. ఇవి మన ఫోన్లో సేవ్ చేసుకోదగ్గవి. బెయిలిచ్చిన కోర్టు ఆ రోజో మర్నాడో ఆర్డర్ సాఫ్ట్ కాపీని జైలు సూపరింటెండెంట్ ద్వారా ఖైదీకి ఈమెయిల్ చేయాలి. సూపరింటెండెంట్ బెయిల్ తేదీని ఈ-ప్రిజన్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాలి. ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి చెప్పాలి. వాళ్ళు మనిషిని పంపి కారణం కనుక్కోవాలి, డబ్బు లేకపోతే ఆర్థిక పరిస్థితి మీద రిపోర్టు తయారుచేసి షరతులు సడలించమని కోర్టుని అడగాలి. నెలైనా పూచీకత్తు కట్టలేకపోతే కోర్టు తనంతట తానే షరతులు తగ్గించొచ్చు. లోకల్ ష్యూరిటీయే కావాలని పట్టుబట్టడం ఆలస్యానికి ఒక కారణమని, అలాంటిచోట ఆ షరతు వద్దని కూడా చెప్పింది. పేద ఖైదీల కోసం కేంద్రం పథకం ఒకటుంది. అర్హులైతే విచారణ ఖైదీకి కమిటీ డబ్బు మంజూరు చేయొచ్చు.

చూశారా, ఇందులో ఆ ఆన్-కాల్ ఫోన్ కొంచెం కనిపిస్తోంది. ఏడో రోజు టైమౌట్, తర్వాత ఇంకొకరికి అలర్ట్. డిజైన్ బాగుంది. కానీ తేదీ ఎక్కించేది మనిషి. ఎక్కించకపోతే ఏడో రోజు ఎప్పటికీ రాదు.

అందుకే, మీకు తెలిసినవాళ్ళో, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కొడుకో, సైట్‌లో పనిచేసే కుర్రాడో అరెస్టయ్యారంటే, పెద్ద లాయర్ కోసం వెతికేముందు ఒక నంబర్ కొట్టండి: 15100. అది న్యాయ సేవల హెల్ప్‌లైన్. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం కస్టడీలో ఉన్నవాళ్ళకి ఉచితంగా లాయర్‌ని ఇవ్వాలి. ఆదాయం ఎంత అని అడగడానికి లేదు. బెయిలబుల్ నేరమై, వారం లోపు ష్యూరిటీ తెచ్చుకోలేకపోతే పేదవాడిగా లెక్కేసి సొంత పూచీ మీద వదలాలి. 2024 జూలై నుంచి అమల్లోకొచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, మొదటిసారి కేసులో పడ్డవాళ్ళు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణలోనే గడిపేస్తే వదిలేయాలి, మిగతావాళ్ళు సగం గడిపితే. దానికి కోర్టులో అప్లికేషన్ పెట్టాల్సింది జైలు సూపరింటెండెంటే. మరణశిక్ష, యావజ్జీవం పడే కేసులకీ, ఒకటికి మించి కేసులున్నవాళ్ళకీ ఇది వర్తించదు.

ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు నంబర్ కొడితే ఆర్డర్ ఏ రోజు వచ్చిందో కనిపిస్తుంది. మనిషి గేటు ఏ రోజు దాటాడో కనిపించదు. ఆ రెండో తేదీ కూడా పక్కనే కనపడితే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది, కోడ్‌లో ఒక కాలమ్ అంతే. అది వచ్చేదాకా మనమే అడగాలి. ములాఖత్‌కి వెళ్ళినప్పుడు జైలు ఆఫీసులో మర్యాదగానే అడగండి: "సార్, మావాడి బెయిల్ తేదీ ఈ-ప్రిజన్స్‌లో ఎక్కించారా? ఏ రోజున?" తేదీ చెప్తే ఫోన్లో రాసుకోండి. ఎనిమిదో రోజు పొద్దున జిల్లా కోర్టు ప్రాంగణంలోనే ఉండే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్ళి, ఆ తేదీ చూపించండి.